చాలు అన్న తర్వాత

ప్రత్తిపాడులో కరాటే మాస్టారు ఎవరంటే చిన్నపిల్లలు కూడా వీరాంజనేయులు పేరే చెప్పేవాళ్ళు. ఊళ్ళో మరో మాస్టారు లేడు కాబట్టి అందులో పెద్ద విశేషమేమీ లేదనుకోండి. అతనికంటే బాగా కాలు విసిరేవాళ్ళు గుంటూరులో వీధికొకడు దొరుకుతాడు. వీరాంజనేయులు పేరు చుట్టుపక్కల ఊళ్ళలో మోగింది కాళ్ళ వల్లా కాదు, చేతుల వల్లా కాదు, అతను చెప్పే జాగ్రత్తల వల్ల.

ఇది రెండువేల నాలుగో సంవత్సరం నాటి సంగతి. అప్పట్లో ఆ ప్రాంతమంతా కరాటే పిచ్చి ముదిరి ఉంది. సాయంత్రమైతే హైస్కూలు గ్రౌండులో తెల్లబట్టలేసుకుని కేకలు పెట్టే పిల్లలు లేని ఊరంటూ లేదు. మిరపా పత్తీ పండించుకునే కుర్రాళ్ళు, మెకానిక్కులు, టైలర్లు, డిగ్రీ తప్పి ఇంట్లో తిట్లు తింటున్నవాళ్ళు, అందరూ నడుముకి ఏదో ఒక రంగు బెల్టు బిగించి తిరిగేవాళ్ళు. వీళ్ళందర్నీ నెలకో ఆదివారం పొద్దున్నే ఒకచోట చేర్చి సరదాగా స్పారింగ్ ఆడించాలన్న ఆలోచన వీరాంజనేయులుదే. కప్పులు లేవు, పందేలు లేవు. స్నేహంగా నాలుగు దెబ్బలు ఇచ్చిపుచ్చుకుని, మజ్జిగ తాగి, భుజాల మీద చేతులేసుకుని ఎవరి ఊరికి వాళ్ళు పోవడమే.

చోటు బాపయ్యగారి జిన్నింగ్ మిల్లు. పత్తి రావడం తగ్గాక మిల్లు ఖాళీగా పడి ఉండేది. పత్తి ఆరబోసే సిమెంటు చప్టా మీద గోతాలు విప్పి కలిపి కుట్టి, లోపల అమ్ముడుపోని నాసి దూది కూరి, పెద్ద పరుపు లాంటిది తయారుచేశారు. పడ్డవాడికి దెబ్బ తగలకుండా అదీ వీరాంజనేయులు ఏర్పాటే. పరుపు అంచు దాటి పడితే మాత్రం సిమెంటే గతి.

ఆట మొదలయ్యే ముందు అతను పరుపు మధ్యలో నిలబడి నిబంధనలు చెప్పేవాడు. ఆ చెప్పడం చూసి తీరాలి. పెళ్ళి జరిపించే పురోహితుడికి కూడా అంత శ్రద్ధ ఉండదు. గోళ్ళు కత్తిరించుకుని రావాలి. ఉంగరాలు, కడియాలు, మెళ్ళో తాయెత్తులు తీసి పక్కన పెట్టాలి. దెబ్బ తాకాలి గాని దిగకూడదు. తలకాయ జోలికీ మోకాలి జోలికీ పోకూడదు. ఇవి ఎక్కడైనా ఉండేవే. అతను సొంతంగా కలిపినవి వేరే ఉన్నాయి. చేలో పురుగుమందు కొట్టినవాడు ఆ నెల కూర్చుని చూడాల్సిందే. అంతకుముందు ఒకసారి అంకారావనే కుర్రాడు పత్తికి మందు కొట్టి సరాసరి వచ్చి, ఎవరూ ముట్టుకోకుండానే కళ్ళు తిరిగి పడిపోయాడు. అందుకని ఆ నిబంధన పెట్టాడు. మిరపకాయ ముట్టినవాడు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, కొబ్బరినూనె రాసుకుని, మళ్ళీ కడుక్కుంటే గాని పరుపెక్కకూడదు. గ్లౌజులు అతనికి చూపించాలి. అతను వాటిని తిరగేసి, మరగేసి, వాసన చూసి మరీ పంపేవాడు. కొందరు నవ్వుకునేవాళ్ళు. నవ్వినా అతను వదిలేవాడు కాదు.

అన్నిటికంటే పెద్దది చివర్లో చెప్పేవాడు.

"ఎదుటివాడు చెయ్యెత్తి చాలు అన్నాడా, అంతే, ఆగిపోవాల. ఎందుకన్నాడు, ఏంది కథ అని అడిగే పనే లేదు. కాలు గాల్లో ఉంటే గాల్లోనే ఆపుకోండి. చాలు అన్నాక కొట్టినోడు ఆటగాడు కాదు, రౌడీ. అట్టాంటోడు మళ్ళీ ఈ మిల్లు గేటు తొక్కక్కర్లా."

నిబంధన తప్పినవాడు అందరి ముందూ నిలబడి తన తప్పు తనే చెప్పుకుని, ఆ ఏడాదికి ఆట మానుకోవాలి. అదీ కట్టుబాటు. అప్పటిదాకా ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు అలా నిలబడ్డారు కూడా. వాళ్ళు తలొంచుకుని మాట్లాడుతుంటే వీరాంజనేయులు చేతులు కట్టుకుని, ఎంతో పెద్దమనిషిలా తలూపుతూ వినేవాడు.

మార్చి నెల వచ్చింది. ఊళ్ళో ఎవరి కల్లంలో చూసినా మిరపకాయలే. వీరాంజనేయులుకి కూడా మూడెకరాల మిరప ఉంది. ఆదివారం స్పారింగ్ అనగా శనివారం అతని కల్లంలో బస్తాలు నింపారు. అతను కుర్రాళ్ళతో పరుపు దులిపించే హడావిడిలో ఉండి ఆ ఛాయలకే పోలేదు. పనంతా భార్య కోటేశ్వరి మీద పడింది. పొద్దుటినుంచీ కాయలు ఎత్తిపోసి ఆమె చేతులు మండిపోతున్నాయి. కల్లం పక్క తాడు మీద మొగుడి గ్లౌజులు ఆరేసి ఉన్నాయి. వేళ్ళు బయటికి ఉండి, పిడికిలి మీద మాత్రం దళసరిగా దూది పెట్టి కుట్టిన తెల్లగుడ్డ గ్లౌజులు. ఆమె వాటిని తొడుక్కుని, బస్తా మూలల్లో పిడికిళ్ళతో కాయలు కూరింది. సాయంత్రానికి బస్తాలు కుట్టడం అయిపోయింది, గ్లౌజుల మాట మర్చిపోయింది.

తెల్లారి వీరాంజనేయులు సంచి సర్దుకుంటుంటే అప్పుడు గుర్తొచ్చింది.

"ఏవండీ, ఆ గ్లౌజులు నిన్న కల్లంలో నేనేసుకున్నానండీ. రాత్రి నానబెడదామనుకుని మర్చిపొయ్యా. ఇయ్యాల్టికి వేరేయి ఏసుకోండి."

"నీకు ఆడుకోటానికి నా గ్లౌజులే దొరికినయ్యా? గుంటూరు పోయి తెచ్చుకున్నయ్యి అయ్యి!"

"తప్పయిపోయింది. అందుకేగా చెప్తన్నా, ఏసుకోమాకండి అని. కారం పట్టేసి ఉంటది."

అతను వాటిని వరండా స్తంభానికేసి బాదాడు. ఎర్రటి దుమ్ము లేచి తుమ్మొచ్చింది. మళ్ళీ బాదాడు. ఈసారి కాస్త తక్కువ లేచింది. కుట్ల వెంట గుడ్డ గులాబీ రంగులో అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఉతికితే దూది ఆరదు, సంచిలో ఇంకో జత ఉంది గాని అది పిల్లల కోసం ఉంచినది, బొటనవేలి దగ్గర చినిగి దూది బయటికొచ్చిన జత. ఆ రోజు అద్దంకి నుంచి కొత్త బృందం వస్తోంది. ఎప్పటినుంచో పిలిస్తే ఇప్పటికి వస్తున్నారు. వాళ్ళ ముందు మాస్టారు చినిగిన గ్లౌజులు తొడుక్కుని నిలబడాలా? తడిగుడ్డతో పైపైన తుడిచి, ఇంతకంటే ఏం కావాలిలే అనుకుని సంచిలో పడేసుకున్నాడు. అదే గ్లౌజుల జతని ఇంకెవడైనా తెచ్చి ఉంటే వాడికి ఆ పూట తలంటు పోసి పంపేవాడు.

అద్దంకి కుర్రాళ్ళు మిరపబస్తాల లారీ మీద వచ్చారు. మర్నాడు యార్డులో సరుకు పెట్టడానికి గుంటూరు పోతున్న లారీ అది. దారిలో వీళ్ళని దించి, ఆట చూసే పోదామని డ్రైవరు కూడా ఆగిపోయాడు. నలుగురు కుర్రాళ్ళలో ఆటగాడు నాగూర్ వలి ఒక్కడే అని చూడగానే తెలిసిపోయింది. ఇరవై రెండు ఇరవై మూడేళ్ళు ఉంటాయి. బక్కపల్చని మనిషి. అద్దంకిలో మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. కాలిపోయిన బోరు మోటార్లకి రాగితీగ చుట్టే పని. పరుపు దగ్గరికి రాగానే చెప్పులు విడిచి, వీరాంజనేయులుకి వంగి నమస్కారం పెట్టాడు.

"అన్నా, మీ రూల్సు గురించి మా వైపు చాలా చెప్పుకుంటారు. అవి వినే మా అమ్మ నన్ను పంపింది. దెబ్బలు తగలనియ్యరంట గదా అంది."

ఆ మాటకి వీరాంజనేయులు ఛాతీ కాస్త ముందుకొచ్చింది. తనిఖీ మొదలుపెట్టాడు. వలి చేతులు వాసన చూసి, "బస్తాల మీద కూచొని వచ్చావుగా, ఇంకోసారి కడుక్కురా తమ్ముడూ" అన్నాడు. వలి నవ్వుతూ కుళాయి దగ్గరికి పోయి, సబ్బు రుద్ది, నూనె రాసి, మళ్ళీ కడుక్కుని వచ్చాడు. అందరి గ్లౌజులూ వీరాంజనేయులు చూశాడు. వీరాంజనేయులు గ్లౌజులు చూసేవాడు మాత్రం అక్కడ ఎవడూ లేడు. ఆ నిబంధన అతనికి తట్టలేదు, తట్టినా పెట్టుకునేవాడు కాదు.

చిన్న బెల్టుల ఆటలు అయిపోయాయి. ఎండ ముదరకముందే ముగించాలన్నది కూడా నిబంధనే కాబట్టి, చివరాట పిలిచారు. ఆతిథ్యం ఇచ్చే మాస్టారు, వచ్చినవాళ్ళలో మంచి ఆటగాడు ఆడటం ఆనవాయితీ. రిఫరీగా త్రినాథ్ నిలబడ్డాడు. అతను వీరాంజనేయులు శిష్యుడే, నోరెక్కువ, మాస్టారంటే ప్రాణం. బాపయ్యగారు ప్లాస్టిక్ కుర్చీ ముందుకు లాక్కున్నారు. మజ్జిగ బిందె తెచ్చిన కోటేశ్వరి మిల్లు అరుగు మీద నీడలో కూర్చుంది.

వీరాంజనేయులుకి అప్పటికి ముప్ఫై ఏడు. పొట్ట వచ్చి రెండేళ్ళయింది, అతను మాత్రం బెల్టు కాస్త కిందికి కట్టుకుని అది రాలేదనుకుంటున్నాడు. మొదటి నిమిషంలోనే వలి కాలు వచ్చి అతని డొక్కకి తగిలీ తగలనట్టు తగిలి వెనక్కి పోయింది. రెండోది భుజానికి. మూడోసారి వలి అతని పిడికిలి కిందనుంచి దూరి, పొట్ట మీద వేళ్ళతో తట్టినట్టు తట్టి పక్కకి తప్పుకున్నాడు. ఒక్కటీ నొప్పి పుట్టించలేదు. నిబంధనలో చెప్పినట్టే, తాకింది గాని దిగలేదు. వలి ఆటలో అంత మర్యాద ఉంది. నిజం చెప్పాలంటే ఆ మర్యాదే వీరాంజనేయులుని కాల్చింది. కావాలంటే పడెయ్యగలడు, పెద్దవాణ్ణని ఊరుకుంటున్నాడు. ఆ సంగతి తనకి తెలిసింది, చూసేవాళ్ళకీ తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ తను నేర్పిన పిల్లలే, "అద్దంకన్న, సూపర్!" అని అరవడం మొదలుపెట్టారు. ఎవడో ఈల వేశాడు. బాపయ్యగారు తొడ చరుచుకుని నవ్వారు.

"ఏంది మాస్టారూ, ఇయ్యాల పొయ్యి రాజుకోలా?" అని లారీ డ్రైవరు కేకేశాడు. అందరూ గొల్లుమన్నారు.

వీరాంజనేయులు చెమటతో తడిసిపోయాడు. గ్లౌజులు కూడా తడిసిపోయాయి. అతను మీదికి దూసుకెళ్ళి వలి మెడ దగ్గర చెయ్యి వేసి తోశాడు. తోపులాటలో పిడికిలి మీది గుడ్డ వలి కళ్ళకి అడ్డంగా రాసుకుపోయింది. అది దెబ్బ కాదు, రాపిడి. కావాలని చేసిందీ కాదు. ఇక్కడిదాకా ఎవరూ అతన్ని తప్పు పట్టనక్కర్లేదు, గ్లౌజుల సంగతి పక్కన పెడితే.

వలి ఒక్కసారిగా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. కుడిచెయ్యి భుజం దాకా లేచింది. "చాలన్నా, చాలు" అన్నాడు.

త్రినాథ్ వీరాంజనేయులు వెనక ఉన్నాడు. అతనికి మాస్టారి వీపు తప్ప ఏమీ కనపడలేదు. అరుస్తున్న జనానికి ఆ మాట వినపడలేదు, ఆ లేచిన చెయ్యి కళ్ళు తుడుచుకోవడానికి లేచిందనుకున్నారు. వీరాంజనేయులుకి మాత్రం మాట వినపడింది, చెయ్యి కనపడింది, ఆ కళ్ళు ఎందుకు మూతపడ్డాయో కూడా తెలిసింది. పొద్దున వరండాలో లేచిన ఎర్రదుమ్ము, కోటేశ్వరి మాట, అన్నీ ఆ క్షణంలోనే తెలిశాయి. తెలిసి, లోపల ఎక్కడో సంతోషం కలిగింది. అమ్మయ్య, దొరికాడు అనుకున్నాడు. ఆ తర్వాత జన్మంతా ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా అతనికి కాలు విసిరినందుకు కాదు, ఆ సంతోషం కలిగినందుకే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయేది.

కాలు ఎత్తి నిండు బలంతో వలి పక్కటెముకల మీద తన్నాడు.

కళ్ళు మూసుకున్న మనిషికి దెబ్బ ఎటునుంచి వస్తుందో తెలియదు. వలి ఎగిరి, పరుపు అంచు దాటి, సిమెంటు చప్టా మీద ఎడమచెయ్యి కిందపెట్టి పడ్డాడు. "మాస్టారికే పాయింటు!" అని త్రినాథ్ గట్టిగా అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. వీరాంజనేయులు ఆ చప్పట్లలో ఒక్క క్షణం నిలబడ్డాడు. వలి లేవకపోవడం అప్పుడు చూశాడు.

అందరూ పరిగెత్తారు. ఎవరో నీళ్ళు తెచ్చి కళ్ళు కడిగారు, కోటేశ్వరి బిందెలో మజ్జిగతో గుడ్డ తడిపి అద్దింది. కళ్ళు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి. ఎడమ మణికట్టు చూస్తుండగానే వాచిపోయింది. వలి పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడు, ఒక్క మూలుగు లేదు.

"కారం పడిందిరా కళ్ళల్లో!" అన్నాడు త్రినాథ్, గుడ్డ వాసన చూసి. వెంటనే అద్దంకి కుర్రాళ్ళ వైపు తిరిగి గొంతు పెంచాడు. "బస్తాల మీద కూచొని వస్తే రాదా మరి? మా మాస్టారు అందుకే గదా మొత్తుకునేది! చేతులు కడిగావు, మరి తలో? జుట్టంతా మిరపదుమ్మే ఉంటది!"

నోరు తెరవడానికి వీరాంజనేయులుకి అదే సమయం. తెరవలేదు. చేతులకి ఉన్న గ్లౌజులు మెల్లిగా ఊడదీసి, వీపు వెనక పట్టుకున్నాడు. అలా ఎందుకు పట్టుకున్నాడో ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేవాడు, కానీ ఎవరూ అడగలేదు.

నాగూర్ వలి లేచి నిలబడ్డాడు. ఒక కుర్రాడు పట్టుకోబోతే వద్దన్నాడు. కళ్ళ మీద మజ్జిగ గుడ్డ ఒక చేత్తో అదుముకుని, వాచిన చెయ్యి పొట్టకి ఆనించుకుని, అందరికీ వినపడేలా చెప్పాడు.

"తప్పు నాదేనండీ. తల కడుక్కోకుండా దిగాను. రూలు చెప్పినా సరిగా పాటించలేదు. అన్న ఏమీ అనుకోవద్దు. ఈ ఏడాదికి నేను ఆడను."

కట్టుబాటు ప్రకారం వీరాంజనేయులు తలూపాలి. అందరూ అతని వైపు చూశారు. తల ఊగలేదు. ఆ కుర్రాడి కన్నీళ్ళు గుడ్డ కిందనుంచి కారి గడ్డం మీదికి వస్తుంటే చూడలేక చప్టా వైపు చూశాడు. వెయ్యి చెప్పుదెబ్బలు తిన్నా అంత తల తీసినట్టు ఉండదు.

అప్పుడు కోటేశ్వరి ముందుకొచ్చింది. మొగుడి వీపు వెనక ఉన్న గ్లౌజులు అందరికంటే ముందు ఆమెకే కనపడ్డాయి. వాటిని అతని చేతుల్లోంచి లాక్కుంది.

"ఆ పిల్లోడిది కాదు తప్పు, నాది" అంది గట్టిగా. "నిన్న ఈ గ్లౌజులేసుకుని బస్తాల్లో కాయలు కూరాను. కడక్కుండా తాడు మీద పడేశా. ఆయనకేం తెలుసు పాపం, చూసుకోకుండా తెచ్చుకున్నాడు. వలీ, నన్ను క్షమించయ్యా నాయనా."

అక్కడున్న ఆడా మగా అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. అనుకోకుండా జరిగిందన్నమాట, పైగా ఆడమనిషి పొరపాటు, నవ్వేసి ఊరుకోవచ్చు. "అమ్మా కోటేశ్వరీ, ఊరగాయ పెట్టాల్సినయ్యి మాస్టారి గ్లౌజులకి పెట్టావా?" అన్నారు బాపయ్యగారు. నవ్వులు లేచాయి. వలి కూడా ఏడుపు కళ్ళతోనే నవ్వాడు.

కోటేశ్వరి నవ్వలేదు. మొగుడి వైపు చూసింది. పొద్దున తను చెప్పిన మాట ఆమెకి తెలుసు, అతనికీ తెలుసు. ఆ అబద్ధం ఆమె అతని చేతికి ఇచ్చింది, పుచ్చుకుంటాడో లేదో చూస్తోంది.

పుచ్చుకోవాలనే అనిపించింది. అబద్ధం చెప్పినవాడు తను కాదు కదా, ఊరుకుంటే అయిపోతుంది. కాని ఆ పిల్లాడు అందరి ముందూ నిలబడ్డాడు, ఇప్పుడు పెళ్ళాం కూడా నిలబడింది. చెయ్యని తప్పుకి ఒకరి తర్వాత ఒకరు నిలబడుతుంటే, చేసినవాడు ఒక్కడే నిలబడకుండా ఉన్నాడు. వీరాంజనేయులు ఒక అడుగు ముందుకేశాడు.

"నాకు తెలుసు" అన్నాడు. "ఆవిడ పొద్దున్నే చెప్పింది నాకు. వేసుకోవద్దంది. తెలిసే వేసుకున్నా."

అంతలో త్రినాథ్ చప్పట్లు కొట్టాడు.

"చూశారా మా మాస్టారు! ఆడమనిషిని ఒక్కమాట పడనియ్యడు. నేరం తన నెత్తినేసుకుంటన్నాడు!"

"మొగుడంటే అట్టా ఉండాల" అన్నాడు లారీ డ్రైవరు. బాపయ్యగారు కుర్చీలోంచి లేచి వచ్చి భుజం తట్టారు. పిల్లలు ఈలలు వేశారు.

"అట్టా కాదు, నిజంగానే..." అని వీరాంజనేయులు మళ్ళీ మొదలుపెట్టాడు. "ఊరుకోండి మాస్టారూ, అర్థమయిందిలే" అన్నారు అందరూ. ఆ చప్పట్లు ఇందాకటి చప్పట్లకంటే ఎక్కువసేపు మోగాయి. అతను అంత సిగ్గుతో ఇంకెప్పుడూ కుంచించుకుపోలేదు. చెప్పింది నిజమే, కాని అది సగమే. రెండో సగం ఇంకా నోట్లోనే ఉంది. గ్లౌజుల మాట చెప్పాక ఎవరూ నమ్మకపోయేసరికి, ఆ మిగతాది చెప్పకపోవడానికి అతనికి ఒక సాకు దొరికింది. ఆ సాకు కూడా పుచ్చుకున్నాడు. త్రినాథ్ అప్పటికే వలి మీది శిక్ష రద్దు చేశానని ప్రకటిస్తున్నాడు.

కోటేశ్వరి పక్కకి వచ్చి, ఎవరికీ వినపడకుండా అంది. "చెప్పేదేదో నేను నోరు తెరవకముందు చెప్పాల్సింది. ఇప్పుడు నేను అబద్ధాలదాన్నయ్యా, మీరు మహానుభావుడయ్యారు. ముందు ఆ పిల్లోణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి."

లారీ ఎటూ గుంటూరే పోతోంది, అందులో తీసుకుపోతామన్నారు అద్దంకి కుర్రాళ్ళు. వీరాంజనేయులు ఒప్పుకోలేదు. లారీ కుదుపులకి చెయ్యి నిలవదు, నేను బండి మీద జాగ్రత్తగా తీసుకుపోతానన్నాడు. మిల్లులోంచి చెక్కముక్క తెచ్చి, దూది వేసి, తువ్వాలతో మణికట్టు కట్టాడు. కట్టు కట్టడం అతనికి బాగా వచ్చు. దారి పొడుగునా గతుకు వచ్చినప్పుడల్లా బండి ఆపినంత పని చేశాడు. వెనకనుంచి వలి ఒకే ఒక్కసారి మాట్లాడాడు. "ఎండలకి మోటార్లు కాలిపోయే రోజులన్నా ఇవి. షాపు నిండా ఉన్నాయి. రెండు చేతులుంటేగాని తీగ చుట్టలేం." వీరాంజనేయులు బండి ఇంకాస్త నెమ్మది చేశాడు.

గుంటూరులో ఎముకల డాక్టరు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. ఎక్స్‌రే తీశారు. మణికట్టు దగ్గర ఎముక చిట్లిందని, పిండికట్టు వెయ్యాలని కాంపౌండరు చెప్పి లోపలికి పోయాడు. వలి కళ్ళు కాస్త తెరుచుకున్నాయి, ఎర్రదనం మాత్రం పోలేదు. వీరాంజనేయులు ఆ కుర్రాడి వాచిన చెయ్యి తన రెండు అరచేతుల్లో పెట్టుకుని, కదలకుండా పట్టుకున్నాడు.

"అన్నా, ఒకటి అడగనా?" అన్నాడు వలి.

"అడుగు తమ్ముడూ."

"కళ్ళు మండినప్పుడు నేను చాలు అన్నాను. గట్టిగా అన్నాననే అనుకున్నా. జనం అరుస్తన్నారు గదా, నా గొంతు సరిగా రాలేదేమో. ఇందాకటినుంచీ అదే ఆలోచిస్తన్నా. ఇంకా గట్టిగా అనాల్సిందేమో, నాదే పొరపాటేమో అని. మీకు వినపడలేదుగా?"

అడిగిన తీరులోనే జవాబు పెట్టి ఇచ్చాడు. వినపడలేదు అన్న ఒక్క మాట చాలు. ఆ కుర్రాడు అది వినడానికే అడిగాడు. వింటే సంతోషిస్తాడు, మళ్ళీ నెల చేతికట్టుతోనే వచ్చి పరుపు పక్కన కూర్చుంటాడు, వాళ్ళమ్మకి కూడా అన్న మంచివాడనే చెప్తాడు. వీరాంజనేయులుకి ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ సాక్షులు లేరు, చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు. చెప్తే నమ్మేవాడు మాత్రం ఒకడున్నాడు. నిజం చెప్పినా నమ్మేవాడు వాడొక్కడే.

"వినపడింది" అన్నాడు.

వలికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "చాలు అన్నది?"

"చాలు అన్నది వినపడింది. చెయ్యెత్తింది కూడా చూశా. చూసే తన్నా. నువ్వు అప్పటికి నాకంటే బాగా ఆడుతున్నావు."

వలి తిట్టలేదు. ఎర్రటి కళ్ళతో ఒకసారి అతని మొహంలోకి చూశాడు. తర్వాత తన చేతిని అతని అరచేతుల్లోంచి మెల్లిగా, నొప్పి పుట్టకుండా బయటికి తీసుకుని, కుడిచేత్తో తనే పట్టుకున్నాడు. బెంచీ మీద కాస్త అవతలికి జరిగాడు.

వీరాంజనేయులు ఇంకేదో చెప్పబోయాడు. క్షమించమనడానికి కూడా మొహం చెల్లలేదు.

తలుపు తెరుచుకుని నర్సు బయటికి వచ్చింది. కాగితం చూసి, "నాగూర్ వలి ఎవరు? కట్టు వేసేటప్పుడు పట్టుకోవడానికి మీవాళ్ళెవరైనా లోపలికి రావాలి. నీతో ఎవరొచ్చారబ్బాయ్?" అంది.

వీరాంజనేయులు లేచాడు.

"ఎవరూ రాలేదండీ" అన్నాడు వలి. "నేనొక్కణ్ణే వచ్చా."

నర్సు ఇద్దరి వైపూ చూసి, పక్కన నిలబడ్డ మనిషి వేరే ఎవరి తాలూకో అనుకుని, సరే రమ్మంది. వలి తన చెయ్యి తనే పట్టుకుని లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది.

కాసేపటికి లోపల ఎముక సరిచేస్తుంటే వలి అరిచిన అరుపు వరండాలోకి వినపడింది. చాలు, చాలండీ అంటున్నాడు. డాక్టరు అయిపోయింది అయిపోయింది అంటున్నాడు. వీరాంజనేయులు తలుపు దగ్గరికి పోయాడు గాని, తట్టడానికి చెయ్యి రాలేదు.